పరిశోధనశాల పద్దు పుస్తకం

(మహిళా కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇవాళ నేను మాట్లాడబోయే విషయం పేరు ముందే చెబితే, "అబ్బే, అది పెద్ద చదువులు చదివినవాళ్ళ గొడవ, మనకెందుకు" అని మీలో కొందరు రేడియో గొంతు తగ్గించి వంటింట్లోకి వెళ్ళిపోతారేమో. అంచేత పేరు తరవాత చెబుతాను. ముందు ఒక్క ప్రశ్న అడగనివ్వండి. మీ చేతిలోంచి తీసిన రక్తం మీదేనని సాక్ష్యం ఎవరు చెబుతారు?

ఆలోచించండి. సూది గుచ్చి చిన్న గొట్టంలోకి రక్తం తీస్తారు. దూది పెట్టి కాసేపు నొక్కి పట్టుకోమంటారు. మనం ఇంటికొచ్చి వంటపనిలో పడతాం. ఆ గొట్టం మాత్రం అక్కడే ఉండిపోతుంది. దాని పక్కన మరో వంద గొట్టాలుంటాయి. అన్నిట్లోనూ ఎర్రని రక్తమే. కలవారి రక్తమూ అదే రంగు, కూలివారి రక్తమూ అదే రంగు. ఇది ఫలానా ఆవిడదని చెప్పేది ఒక్కటే, గొట్టానికి అంటించిన చీటీ. ఆ చీటీ తప్పయితే ఆ తరవాత ఎంత గొప్ప మిషను ఉన్నా, ఎంత గొప్ప డాక్టరున్నా చేసేదేమీ లేదు.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. లక్ష్మిగారనుకోండి. ఏదో మామూలు పరీక్షలకని ఒకచోట రక్తం ఇస్తే, పరగడుపున చక్కెర 260 ఉందని కాగితం వచ్చింది. అంతకు ముందెప్పుడూ ఆవిడకు ఆ జబ్బు లేదు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు, నిద్రపోలేదు. డాక్టరుగారు కాగితాన్ని కాక మనిషిని చూసే రకం. మందు రాసేముందు మరోచోట పరీక్ష చేయించుకు రమ్మన్నారు. ఈసారి 94 వచ్చింది. వెళ్ళి అడిగితే, ఆ ఉదయం అదే పేరు గల ఆడవాళ్ళు ఇద్దరు వచ్చారనీ, చీటీలు తారుమారయ్యాయనీ తేలింది. ఇంట్లోవాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు. లక్ష్మిగారు మాత్రం, "మరి నా కాగితం ఆవిడకు వెళ్ళి ఉంటుంది కదమ్మా! నీకేం జబ్బు లేదు, హాయిగా మిఠాయి తినమని చెప్పి పంపించి ఉంటారు కదా!" అన్నారు. ఆ రెండో ఆవిడకు కబురు పెడతామన్నారట. పెట్టారో లేదో మాకు తెలియదు.

చూశారా, వీధి చివరి పరీక్షా కేంద్రంలో ఒక చీటీ మారితే ఇద్దరికి ప్రమాదం. మరి వైద్య పరిశోధన జరిగే పెద్ద ప్రయోగశాలలో మారితే? అక్కడ వచ్చిన ఫలితాన్ని చూసి మందు మోతాదు నిర్ణయిస్తారు, టీకా తయారుచేస్తారు. ఎన్నో వేలమంది రాబోయే ఏళ్ళలో ఆ ఫలితం మీద ఆధారపడతారు. అలాంటిచోట ఏ నమూనా ఎవరిది, ఎక్కడుంది, ఎవరు ముట్టుకున్నారు, ఏం తేల్చారు అనే లెక్క తప్పకుండా చూసేందుకు కంప్యూటర్ పద్ధతులు వచ్చాయి. ఇంగ్లీషులో లేబొరేటరీ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు, ముద్దుగా లిమ్స్. మన భాషలో చెప్పాలంటే పరిశోధనశాల పద్దు పుస్తకం. ఇదీ ఇవాళ్టి విషయం. మా అక్క కూతురు ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఆ పిల్లను కూర్చోబెట్టి అడిగినవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి చెబుతాను.

పరిశోధనశాల ఎక్కడో విదేశాల్లో ఉండే వస్తువు కాదు. హైదరాబాదులో తార్నాక వైపు వెళ్ళేవాళ్ళందరికీ జాతీయ పోషకాహార సంస్థ తెలుసు. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, సర్ రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరుగారు ఒకే ఒక గదిలో బెరిబెరి జబ్బు గురించి మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. గర్భిణీ స్త్రీకి రోజుకి ఎంత ఇనుము కావాలి, ఎదిగే పిల్లకి ఎన్ని మాంసకృత్తులు కావాలి అని మన దేశం మొత్తానికి లెక్కలు చెప్పేది ఆ సంస్థే. ఆ లెక్కలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. మనలాంటి వాళ్ళు, పల్లెల్లోని తల్లులు, బడిపిల్లలు ఇచ్చిన రక్తంలోంచి, తిన్న తిండి కొలతల్లోంచి వచ్చాయి. గర్భిణి గొట్టానికి బడిపిల్ల చీటీ పడితే లెక్క ఏమవుతుందో వేరే చెప్పాలా?

వెనకటి రోజుల్లో ఈ లెక్కంతా లావుపాటి అట్టపుస్తకాల్లో ఉండేది. గొట్టం మీద అంటుచీటీ వేసి సిరాతో అంకె రాసేవారు. చెమ్మకు సిరా కరిగేది, చలికి జిగురు ఊడేది. ఒకరు రాసిన 1 మరొకరి కంటికి 7లా కనిపించేది. రాసిన ఉద్యోగి బదిలీ అయిపోతే ఆ పుస్తకాన్ని చదివే నాథుడు ఉండేవాడు కాదు. వందల గొట్టాల వరకూ ఇలాగే నెట్టుకొచ్చారు. వేలూ లక్షలూ అయ్యేసరికి మనిషి జ్ఞాపకం, మనిషి చేతిరాత చాలలేదు. 1980ల మొదట్లో అమెరికాలో కంప్యూటర్ పద్దులు అమ్మకానికి వచ్చాయి. తరవాత అన్ని దేశాలకూ పాకాయి.

ఇంతకీ ఈ పద్దు ఏం చేస్తుంది? ఒక రక్తపు గొట్టం వెంట మనమూ నడిచి చూద్దాం.

మొదటిది గుర్తు వేయడం. మన అమ్మమ్మల కాలంలో చాకలి బట్టలు మూటకట్టే ముందు అంచు మీద జీడిపిక్క రసంతో చిన్న గుర్తు పెట్టేవాడు. పది ఇళ్ళ బట్టలు ఒకే బానలో ఉడికినా, తిరిగి వచ్చేటప్పుడు ఎవరి చీర వారింటికి చేరేది. పరిశోధనశాలలో ఆ పని చేసేది బార్‌కోడ్. సబ్బు పెట్టె మీద, బిస్కట్ల పొట్లం మీద సన్నగా లావుగా నల్లని గీతలు చూస్తుంటాం కదా, అదే. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో, దుకాణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లాన్ని మొట్టమొదట ఆ గీతలతో లెక్కకట్టారు. గీతల్ని మిషను కన్ను చదువుతుంది కాబట్టి 1 ఎప్పుడూ 7 కాదు. ఇందులో మరో సుగుణం ఉంది. పరిశోధనలో గొట్టం మీద మనిషి పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకె ఎవరిదో చెప్పే జాబితాను వేరే తాళం కింద దాస్తారు. పరీక్ష చేసే పిల్లకు అది ఎవరి రక్తమో తెలియదు, తెలియనక్కర్లేదు.

రెండోది పంచడం. ఒక గొట్టం రక్తాన్ని నాలుగైదు చిన్న గొట్టాల్లోకి సర్దుతారు. పాలు కాచి కాఫీకి కొన్ని, తోడుకి కొన్ని, పిల్లవాడికి కొన్ని తీసినట్టు. పెద్దది తల్లి గొట్టం, చిన్నవి పిల్ల గొట్టాలు. ప్రతి పిల్లకీ కొత్త గుర్తు పడుతుంది. ఏ పిల్ల ఏ తల్లికి పుట్టిందో, ఎన్ని నిమిషాలకు వేరుచేశారో పద్దులో ఎక్కుతుంది. నిమిషాలెందుకంటారా? రక్తం గొట్టంలో ఉన్నా అందులోని కణాలు బతికే ఉంటాయి, చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు గొట్టంలో అలాగే వదిలేస్తే గంటకు నూటికి ఐదు నుంచి ఏడు పాళ్ళ చక్కెర తగ్గిపోతుంది. అందుకే చక్కెర పరీక్షకు బూడిదరంగు మూత గొట్టం వాడతారు. అందులో ఆ తిండిని ఆపే మందు ఉంటుంది. రక్తకణాల లెక్కకు ఊదారంగు మూత. అందులో రక్తం గడ్డకట్టకుండా చూసే మందు ఉంటుంది. ఈసారి రక్తం ఇచ్చేటప్పుడు మూతల రంగులు చూడండి, వాటి వెనక ఉన్న సంగతి మీకిప్పుడు తెలుసు.

మూడోది భద్రపరచడం. మన ఇంటి ఫ్రిజ్‌లో పై అర సున్నాకు దిగువ 18 డిగ్రీల దాకా చల్లబడుతుంది. పరిశోధనశాల ఫ్రీజరు సున్నాకు దిగువ 80 డిగ్రీలు. అంతకన్నా చల్లగా కావాలంటే ద్రవ నత్రజనిలో పెడతారు, అది సున్నాకు దిగువ 196 డిగ్రీలు. అలాంటి ఫ్రీజరు తలుపు తీసి, "ఎక్కడ పెట్టానబ్బా!" అని వెతుకుతూ నిలబడితే లోపలి చలంతా బయటికి పోతుంది. అందుకని పద్దులో ప్రతి గొట్టానికీ ఇంటి చిరునామాలాంటిది ఉంటుంది. ఫలానా ఫ్రీజరు, ఫలానా అర, ఫలానా పెట్టె, అందులో ఫలానా గడి. మామూలుగా ఒక పెట్టెలో అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది, మొత్తం 81 గడులు ఉంటాయి. నేరుగా తలుపు తీసి, కావలసింది తీసుకుని, మూసేస్తారు. ఎన్నిసార్లు బయటికి తీసి కరిగించారో కూడా రాసుకుంటుంది. పెరుగు పదేపదే బయటపెడితే పులిసినట్టు, నమూనా పదేపదే కరిగి గడ్డకడితే అందులోని కొన్ని పదార్థాలు చెడిపోతాయి. ఇన్నిసార్లు కరిగింది, ఇక దీన్ని నమ్మకండి అని పద్దే హెచ్చరిస్తుంది.

నాలుగోది సరుకుల లెక్క. పరీక్షకు వాడే రసాయనాలకు గడువు తేదీలుంటాయి. ఏ సీసా ఎప్పుడు తెరిచారు, ఎంత మిగిలింది, గడువు ఎప్పుడు దాటుతుంది అనేది మన వంటింటి సరుకుల చీటీలాగే చూసుకోవాలి. గడువు దాటిన సీసాతో పరీక్ష చేయబోతే పద్దు ఒప్పుకోదు. అలాగే మిషన్ల సంగతి. కిరాణా కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండాలి కదా, ఇక్కడా ప్రతి మిషనునూ గడువు ప్రకారం సరిచూడాలి. సరిచూడని మిషను చెప్పిన అంకె ఫలితం కాదు.

ఐదోది ఫలితం. మిషను తేల్చిన అంకె నేరుగా పద్దులో పడుతుంది. మధ్యలో మనిషి చూసి రాయడమనే మెట్టు లేదు. రోజూ అసలు నమూనాలతో పాటు, ఫలితం ముందే తెలిసిన నమూనా ఒకటి కలిపి నడుపుతారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టే. తెలిసినదాని ఫలితం తేడాగా వస్తే ఆ విడత ఫలితాలన్నీ ఆగిపోతాయి. కారణం కనుక్కుని సరిచేశాకే వదులుతారు.

ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. ఈ పద్దులో చెరపడమనేది ఉండదు. తప్పు పడితే దిద్దవచ్చు. కానీ పాత అంకె అలాగే ఉండిపోతుంది, దాని పక్కన ఎవరు దిద్దారు, ఏ తేదీన ఎన్ని గంటలకు, ఎందుకు దిద్దారు అనేది నమోదవుతుంది. బ్యాంకు పుస్తకంలో కొట్టివేసి పక్కన సంతకం పెట్టినట్టు. అమెరికాలో ఆహార ఔషధ శాఖవారు 1997లోనే కంప్యూటర్ పద్దులకూ, కంప్యూటర్ సంతకాలకూ ఇలాంటి నియమాలు పెట్టారు. ఆ దేశానికి మందులు పంపే మన హైదరాబాదు కంపెనీలు కూడా వాటికి లోబడి నడవాలి. తనకు నచ్చని ఫలితాన్ని చాటుగా మార్చుకోవాలని ఎవరికైనా బుద్ధి పుడితే, పద్దు పట్టిస్తుంది.

ఇంత హంగామా అవసరమా అని మీకు అనిపించవచ్చు. అవసరమని చెప్పే సంగతులు కొన్ని చెబుతాను. అన్నీ నిజంగా జరిగినవే.

2020లో కరోనా రోజులు మనమెవరమూ మరిచిపోలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా ఇంగ్లండులో 15,841 మంది రోగుల వివరాలు రోజువారీ లెక్కలో చేరకుండా పోయాయి. పరీక్షలు బాగానే జరిగాయి, ఫలితాలు సరిగ్గానే వచ్చాయి. కానీ వాటిని కలిపే చోట ఎక్సెల్ అనే మామూలు లెక్కల ప్రోగ్రాంలోని పాతరకం కాగితాన్ని వాడారు. అందులో 65,536 వరసలే పడతాయి. అవి నిండాక మిగిలినవి చప్పుడు చేయకుండా రాలిపోయాయి. ఆ రోగులతో కలిసి తిరిగినవారిని కనుక్కుని, ఇంట్లో ఉండమని వేళకు హెచ్చరించలేకపోయారు. వారం రోజుల పాటు అంటువ్యాధికి దారి వదిలినట్టయింది.

ఇంకొకటి చెబితే నవ్వొస్తుంది. మన జన్యువులకు శాస్త్రజ్ఞులు పొట్టి పేర్లు పెట్టుకున్నారు. కొన్నిటికి మార్చ్ 1, సెప్ట్ 2 అని ఉండేవి. అదే ఎక్సెల్‌లో ఆ పేర్లు రాస్తే, ఓహో ఇది తేదీ కాబోలు అనుకుని అది మార్చి ఒకటో తారీకు, సెప్టెంబరు రెండో తారీకు అని మార్చేసేది. 2016లో ఒక పరిశీలన చేస్తే, జన్యువుల జాబితాలు జతచేసిన వ్యాసాల్లో సుమారు ఐదో వంతు వాటిలో ఈ తప్పు దొర్లిందని తేలింది. చివరకు 2020 నాటికి ప్రోగ్రాం దిద్దుకోవడం కాదు సరికదా, జన్యువుల పేర్లే మార్చుకోవలసి వచ్చింది. పిల్లవాడి పేరు మాస్టారు తప్పు రాశారని, బారసాల మళ్ళీ చేసినట్టుంది కదూ!

మూడోది వింటే మాత్రం మనసు బాధపడుతుంది. అమెరికాలో బోస్టన్ దగ్గర మెక్లీన్ ఆసుపత్రిలో, మరణించినవారి మెదళ్ళను కుటుంబాలు దానం చేయగా పరిశోధనకు దాచి ఉంచేవారు. ఆటిజం అనే సమస్య ఉన్నవారి మెదళ్ళు అంత ఎక్కువగా మరెక్కడా లేవు. 2012లో ఒక ఫ్రీజరు చెడిపోయింది. బయట ఉన్న అంకె మాత్రం సున్నాకు దిగువ 79 అనే చూపిస్తూ ఉంది. మోగవలసిన గంట మోగలేదు. తలుపు తీసేసరికి సుమారు 150 మెదళ్ళు పాడయ్యాయి. ఆటిజం సేకరణలో మూడో వంతు అందులోనే ఉంది. తమ బిడ్డ పోయిన దుఃఖంలో, మరొక తల్లికైనా మేలు జరగాలని ఇచ్చిన దానం అది. డబ్బు పెట్టి తిరిగి కొనగలిగేది కాదు. ఆ తరవాత 2023 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల ముందు, స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో కూడా 16 ద్రవ నత్రజని తొట్లకు సరఫరా ఆగిపోయి దశాబ్దాలుగా కూడబెట్టిన నమూనాలు నాశనమయ్యాయి.

వీటన్నిటిలోనూ మనకు కనిపించేది ఒకటే. పద్దు ఉంటే చాలదు, పద్దును కనిపెట్టి ఉండే మనిషి కావాలి. ఫ్రీజరు అంకెను నమ్మక విడిగా మరొక వేడికొలత పెట్టాలి. సెలవు రోజున కూడా ఎవరో ఒకరి ఫోను మోగాలి. లెక్కల నకలు మరోచోట దాచాలి. తాళంచెవి గుమ్మం మీద పెట్టి పోయినట్టు, ఒకరి రహస్య సంకేతంతో పదిమందీ కంప్యూటర్ తెరిస్తే, ఎవరు దిద్దారో చెప్పే గొప్పగుణం కాస్తా మంటగలుస్తుంది.

ఇక చివరిగా, ఆడవాళ్ళుగా మనం తప్పక తెలుసుకోవలసిన సంగతి. నమూనా ఎవరిదో రాసుకోవడం ఒక ఎత్తు. ఆ మనిషి ఒప్పుకునే ఇచ్చిందా అని రాసుకోవడం మరొక ఎత్తు.

1951లో అమెరికాలోని బాల్టిమోరులో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ వచ్చింది. 31 ఏళ్ళు, ఐదుగురు బిడ్డల తల్లి, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు. ఆవిడను అడగకుండానే కణితిలోంచి చిన్న ముక్క తీశారు. ఆ ఏడాదే ఆవిడ చనిపోయింది. ఆ కణాలు మాత్రం చావలేదు. పరిశోధనశాలలో పెరుగుతూనే పోయాయి. వాటికి హీలా కణాలని పేరు పెట్టారు. పోలియో టీకా పరీక్షల దగ్గర నుంచి ఎన్నో పరిశోధనలకు పనికొచ్చాయి. అమ్మగారి కణాలు లోకమంతా తిరుగుతున్నాయని కుటుంబానికి ఇరవై ఏళ్ళు దాటాక గానీ తెలియలేదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీతో వారి రాజీ కుదిరింది 2023లో.

ఆ కథలో చీటీల పాఠం కూడా ఉంది. హీలా కణాలు ఎంత జోరుగా పెరుగుతాయంటే, పక్క గిన్నెలోకి ఒక తుంపర పడినా అసలువాటిని తోసేసి అవే నిండిపోతాయి. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనే శాస్త్రజ్ఞుడు, వేరువేరు మనుషులవని అనుకుంటున్న కణాలు చాలా చోట్ల నిజానికి హీలా కణాలేనని బయటపెట్టాడు. గిన్నె మీద చీటీ ఒకటి, లోపల సరుకు మరొకటి! అందుకే ఇప్పుడు కణాల డి.ఎన్.ఏ. గుర్తును సరిచూసి ఆ సంగతి పద్దులో ఎక్కిస్తారు.

అంత దూరమెందుకు, మన ఖమ్మం జిల్లాలోనే 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే టీకాను ఆడపిల్లలకు ఒక అధ్యయనం కింద వేశారు. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన అంగీకార పత్రాల మీద కొన్నిచోట్ల హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. గొడవ జరిగి 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ టీకా మంచిదే. ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. అప్పట్లో జరిగిన కొన్ని మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తప్పు టీకాలో లేదు. అమ్మానాన్నలకు చెప్పకుండా, అడగకుండా చేయడంలో ఉంది. నమ్మకం ఒకసారి విరిగితే మంచి మందును కూడా జనం అనుమానంగా చూస్తారు. అదీ అసలు నష్టం.

ఇప్పటి మంచి పద్దుల్లో అంగీకార పత్రం కూడా నమూనాతో ముడిపడి ఉంటుంది. ఈమె మధుమేహం పరిశోధనకు మాత్రమే ఒప్పుకుంది అని ఉంటే, మరోదానికి ఆ గొట్టం అడిగినప్పుడు పద్దు అడ్డుపడాలి. ఆమె మనసు మార్చుకుని వద్దంటే, ఆమె పిల్ల గొట్టాలు ఏ ఫ్రీజరులో ఏ గడిలో ఉన్నా వెతికి పట్టుకోగలగాలి. పద్దు లేకపోతే ఆమె హక్కు కాగితం మీద ఉంటుందే గానీ అమలు చేయడం ఎవరి తరమూ కాదు.

ఈ లెక్కలు బాగుంటే ఎంత మేలో చెప్పడానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 2020లో జీనోం ఇండియా అని ఒక పని మొదలైంది. 20 సంస్థలు కలిశాయి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అందులో ఒకటి. దేశంలోని రకరకాల ప్రాంతాల, జాతుల ప్రజల నుంచి సుమారు 20 వేల మంది రక్తం సేకరించి బెంగళూరులో దాచారు. అందులో 10 వేలమంది జన్యు లిపిని పూర్తిగా చదివారు. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అది ఫరీదాబాదులోని జాతీయ సమాచార కేంద్రంలో ఉంది. ఇన్నాళ్ళూ జన్యువుల సంగతులు ఎక్కువగా తెల్లవారి రక్తం చూసి చెప్పినవే. మనకు ఏ మందు పడుతుంది, ఏ జబ్బు ఎందుకు వస్తుంది అని మన రక్తాన్నే అడిగే వీలు ఇప్పుడు వచ్చింది. ఇన్ని ఊళ్ళ నుంచి వచ్చిన గొట్టాల్లో ఎవరిది ఏదో తెలియకపోతే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే కదా.

సరే, మనం చేయగలిగినదేమిటి? నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

రక్తం ఇచ్చేటప్పుడు "మీరు లక్ష్మిగారేనా?" అని అడిగితే ఊఁ కొట్టి ఊరుకోకండి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, వయసు మీరే మీ నోటితో చెప్పండి. గొట్టానికి చీటీ మీ ఎదుటే, మీరు కుర్చీలోంచి లేవక ముందే అంటించమనండి. మొహమాటపడవలసిన పనిలేదు. పరీక్షల తప్పుల్లో ఎక్కువ భాగం నమూనా మిషను దాకా చేరేలోగానే జరుగుతాయి. పరగడుపున రమ్మంటే పరగడుపునే వెళ్ళండి. వెళ్ళేముందు కాఫీ తాగి ఉంటే ఆ సంగతి దాచకండి. మీరు చెప్పని నిజం ఏ కంప్యూటర్‌కీ తెలియదు.

ఫలితం మీ ఆరోగ్యానికి బొత్తిగా పొంతన లేకుండా వస్తే కంగారుపడి మందులు మొదలుపెట్టకండి, అలాగని చించి పారేయకండి. కాగితం మీద పేరు, వయసు, తేదీ సరిచూసుకుని డాక్టరుగారిని అడగండి.

పరిశోధన కోసమని రక్తం అడిగితే భయపడి పారిపోకండి. అలా ఇచ్చినవారి పుణ్యమే ఇవాళ మన పిల్లలు మింగుతున్న మందు. కానీ అడిగి ఇవ్వండి. ఇది దేనికోసం? ఎన్నాళ్ళు దాచుతారు? నా పేరు ఎవరికి తెలుస్తుంది? మరో పనికి వాడతారా? భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమాల ప్రకారం ఇవన్నీ మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, పత్రం నకలు మీకివ్వాలి. మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చు, అందుకు మీ వైద్యం ఆపకూడదు. చదవడం రాని పనిమనిషినో, పల్లె నుంచి వచ్చిన అత్తగారినో ఎవరైనా సంతకం అడిగితే, పక్కన కూర్చుని చదివి వినిపించండి. అది మనం చేయగలిగిన పెద్ద ఉపకారం.

ఆఖరి మాట. మీ ఇంట్లో సైన్సు చదివే ఆడపిల్ల ఉంటే, పరిశోధనశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చునే ఉద్యోగమే కాక, ఈ పద్దు చూసే ఉద్యోగం కూడా ఉందని చెప్పండి. పాల లెక్క, చాకలి పద్దు, సరుకుల చీటీ, పండక్కి ఇచ్చిపుచ్చుకున్న చీరల లెక్క తప్పకుండా చూసుకునే ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఆ పని కొత్త కాదు. దాని వెనక ఒక మనిషి ప్రాణం ఉందని గుర్తుంటే చాలు.